దివంగత నటుల, భయానక చిత్ర పాత్రల రూపచిత్రణ

మరణించిన నటీనటులు, గాయకులు, హాస్యనటుల ముఖాలను, పాత భయానక చలనచిత్రాల్లోని పాత్రల ముఖాలను పెన్సిలుతోనో బొగ్గుతోనో రంగులతోనో గీయడం రూపచిత్రకళలో ఒక ప్రత్యేక శాఖ. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో అది బాగా వేళ్లూనుకుంది. మామూలు రూపచిత్రానికి ఎదురుగా కూర్చునే మనిషి ఉంటాడు. చిత్రకారుడు అతన్ని కాస్త పక్కకు తిరగమంటాడు, వెలుతురు మారుస్తాడు, మాటల్లో పెట్టి ముఖంలోని అసలు భావం బయటపడేదాకా ఆగుతాడు. ఈ శాఖలో ఆ అవకాశాలేవీ లేవు. చేతిలో ఉండేది ఎవరో ఎప్పుడో తీసిన స్టిల్ ఫొటో. ఆ ఫొటోలో అప్పటికే ఒక ఛాయాగ్రాహకుడి వెలుతురు, ఒక మేకప్ కళాకారుడి పనితనం, ఒక నటుడి అభినయం కలిసిపోయి ఉన్నాయి. ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపట్టగలిగినవాడే మంచి బొమ్మ వేస్తాడు. ఫొటోను గీతకు గీత దించినవాడి బొమ్మలో పోలిక ఉంటుంది గాని మనిషి ఉండడు.

దివంగత నటులు, భయానక పాత్రలు అనే రెండు విషయాలు ఒకే చిత్రకారుల చేతుల్లో కలవడానికి కారణం ఉంది. 1920ల నుంచి 1950ల దాకా వచ్చిన భయానక చిత్రాల్లో పాత్ర ముఖాన్ని నటుడి ముఖం మీదే కట్టారు. రబ్బరు తొడుగు వేసి మనిషిని పూర్తిగా దాచేసిన సందర్భాలు తక్కువ. డ్రాక్యులాను గీస్తే బేలా లుగోసీని గీసినట్టే, ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన ప్రాణిని గీస్తే బోరిస్ కార్లాఫ్‌ను గీసినట్టే. ఆ నటులంతా ఇప్పుడు లేరు. అందుకే భయానక పాత్ర చిత్రం చాలాసార్లు స్మారక చిత్రం కూడా అవుతుంది.

జపాన్ మరణ చిత్రాలు

నటుడు చనిపోగానే అతని బొమ్మ వేసి అమ్మే సంప్రదాయం సినిమా కంటే పాతది. జపాన్‌లో ఎదో అనే యుగంలో కబుకి నాటకాల నటులకు విపరీతమైన ప్రజాదరణ ఉండేది. పేరున్న నటుడు మరణిస్తే కొద్ది రోజుల్లోనే చెక్క అచ్చులతో ముద్రించిన స్మారక చిత్రాలు బజారులోకి వచ్చేవి. వీటిని షినీ-ఎ అనేవారు. నటుడు లేత నీలి రంగు దుస్తుల్లో కనిపించేవాడు. పక్కన మరణించిన తేదీ, వయసు, బౌద్ధ సంప్రదాయం ప్రకారం మరణానంతరం పెట్టిన పేరు, సమాధి ఉన్న ఆలయం, కొన్నిసార్లు వీడ్కోలు పద్యం ఉండేవి. హడావుడిగా తయారయ్యేవి కాబట్టి చాలా వాటిమీద చిత్రకారుడి సంతకమైనా ఉండదు. ఎనిమిదో ఇచికావా దాన్‌జూరో 1854లో ఒసాకాలో ఆత్మహత్య చేసుకున్నప్పుడు రెండు వందలకు పైగా వేర్వేరు స్మారక చిత్రాలు వెలువడ్డాయి. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు.

భయానక పాత్రల చిత్రాలు కూడా అదే రంగస్థలం నుంచి పుట్టాయి. నాలుగో త్సురుయా నంబొకు రాసిన యోత్సుయా కైదాన్ నాటకం 1825లో ప్రదర్శించారు. భర్త చేసిన మోసానికి, విషప్రయోగానికి బలై ముఖం వికృతమై చనిపోయిన ఒయివా అనే స్త్రీ దెయ్యమై తిరిగి వచ్చే కథ అది. మూడో ఒనొయె కికుగోరో ఆ పాత్రతో పేరు పొందాడు. షున్‌కోసాయ్ హొకుషూ 1826లో ఆయన్ను ఒయివా దెయ్యంగా ముద్రణలో చూపించాడు. నటుడి ముఖం, పాత్ర ముఖం ఒకే బొమ్మలో కలవడానికి ఇది తొలినాళ్ల చక్కటి ఉదాహరణ. కొన్నేళ్లకు హొకుసాయ్ తన దెయ్యాల చిత్రమాలలో ఒయివా ముఖాన్ని చిరిగిన కాగితపు లాంతరుగా మార్చి వేశాడు. అందులో నటుడు లేడు, పాత్ర ఒక్కటే మిగిలింది. వందేళ్ల తరవాత హాలీవుడ్ పాత్రల విషయంలో చిత్రకారులకు ఎదురైన ప్రశ్న కూడా ఇదే: గీయాల్సింది నటుడినా, పాత్రనా?

గీయడానికి పుట్టిన ముఖాలు

చలనచిత్రాల్లో ఇందుకు మొదటి ఆధారం జర్మనీలో దొరుకుతుంది. 1920 నాటి డాక్టర్ కాలిగరి చిత్రంలో కాన్రాడ్ వైట్ వేసిన సెజారె, 1922 నాటి నోస్ఫెరాటులో మాక్స్ ష్రెక్ వేసిన ఓర్లాక్ ప్రభువు ఇవాళ్టికీ చిత్రకారులు మళ్లీమళ్లీ ఎంచుకునే ముఖాలు. కాలిగరి సెట్ల మీద నీడలను సైతం రంగుతో వేశారు. ఆ చిత్రంలోని ఏ స్టిల్ తీసుకున్నా సగం బొమ్మ అప్పటికే వేసి ఉన్నట్టుంటుంది. వైట్ 1928లో ద మాన్ హూ లాఫ్స్ చిత్రంలో చెరగని నవ్వు కోసిన ముఖంతో నటించాడు. బాట్‌మన్ కథల్లోని జోకర్ రూపానికి ఆ ముఖమే ప్రేరణ.

అమెరికాలో ఈ చరిత్ర లాన్ చేనీతో మొదలుపెట్టాలి. 1883లో పుట్టిన చేనీ తల్లిదండ్రులిద్దరూ బధిరులు. మాట లేకుండా ముఖంతో, చేతులతో మనసు చెప్పడం ఆయనకు చిన్నతనంలో ఇంట్లోనే అబ్బింది. తన మేకప్ తానే వేసుకునేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో మేకప్ గురించిన వ్యాసం రాసింది కూడా ఆయనే. 1923లో నోత్రదామ్ గూనివాడిగా, 1925లో ద ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరాలో ముసుగు వెనక దాగిన ఎరిక్‌గా నటించాడు. ఎరిక్ పాత్రకు ముక్కు కొనను పైకి లాగి, కళ్ల చుట్టూ నలుపు దిద్ది, చెంప ఎముకలను పైకి తేల్చి, ముఖాన్ని కపాలంలా మార్చాడు. ఆ ముఖాన్ని యూనివర్సల్ సంస్థ విడుదలకు ముందు ప్రచార చిత్రాల్లో ఎక్కడా చూపలేదు. చేనీ 1930 ఆగస్టు 26న మరణించాడు. ఆయన మేకప్ పెట్టె లాస్ ఏంజెలెస్ కౌంటీ సహజ చరిత్ర ప్రదర్శనశాలకు చేరింది.

చేనీ తరవాత అదే యూనివర్సల్‌లో మేకప్ విభాగానికి పెద్ద జాక్ పియర్స్. చిత్రకారులు ఇప్పుడు గీస్తున్న పాత్రల్లో చాలా వాటికి ఆయన చేతిలోనే రూపం వచ్చింది. 1931లో జేమ్స్ వేల్ దర్శకత్వం వహించిన ఫ్రాంకెన్‌స్టైన్ కోసం ఆయన కార్లాఫ్ తల మీద దూది, కొలోడియన్ ద్రవం పొరలు పొరలుగా వేసి పైభాగం చదునుగా కట్టాడు. శస్త్రవైద్యుడు పుర్రెను మూతలా కోసి మెదడు అమర్చి మూసేసి ఉంటాడన్నది పియర్స్ తర్కం. మెడకు రెండు వైపులా కనిపించేవి మరలు కావు, విద్యుత్తు ఎక్కించే ధ్రువాలు. కనురెప్పలు బరువుగా వాలి ఉండడం కోసం మైనం వాడారు. కార్లాఫ్ తన కట్టుడు పళ్ల వంతెన తీసేస్తే ఒక చెంప లోపలికి పోయింది. ఇదంతా వేయడానికి రోజూ దాదాపు నాలుగు గంటలు పట్టేది. మరుసటి ఏడు వచ్చిన ద మమ్మీలో కట్లు కట్టిన శవం వేషానికి ఇంతకు రెట్టింపు సమయం పట్టింది. ఫ్రాంకెన్‌స్టైన్ మొదట్లో వచ్చే పేర్ల జాబితాలో ఆ పాత్రధారి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం వేశారు. ఇంత మేకప్ కింద కూడా కార్లాఫ్ కళ్లలోని బెదురు, వేదన దాగలేదు. ఆ పాత్ర చిత్రాల్లో మంచివాటికీ చెడ్డవాటికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఆ ప్రాణిని కోపంగా గీసినవాళ్లు సినిమా చూడకుండా పోస్టరు మాత్రమే చూసి గీశారనుకోవాలి.

లుగోసీ సంగతి పూర్తిగా వేరు. టాడ్ బ్రౌనింగ్ తీసిన డ్రాక్యులా 1931లో, ఫ్రాంకెన్‌స్టైన్ కంటే ముందు విడుదలైంది. అందులో లుగోసీ ముఖానికి భారీ మేకప్ లేదు. నున్నగా దువ్విన జుట్టు, తెల్లని పూత, ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ కళ్ల మీద పడేట్టు పెట్టిన సన్నని కాంతి, అంతే. ఆ చిత్రంలో లుగోసీకి కోరలు కనిపించవు. అయినా కోరలు లేని లుగోసీ చిత్రం అరుదు. తరవాతి దశాబ్దాల సినిమాలు, బొమ్మల పెట్టెలు ఆ అలవాటును ఎంతగా నాటాయంటే అసలు సినిమా చూసినవాళ్లు కూడా కోరలు పెట్టేస్తారు. 1956 ఆగస్టు 16న మరణించిన లుగోసీని డ్రాక్యులా నల్ల అంగీతోనే సమాధి చేశారు. నటుడు, పాత్ర విడదీయరానంతగా కలిసిపోవడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ ఈ రంగంలో లేదు.

1935 నాటి బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్‌లో ఎల్సా లాంచెస్టర్ పాత్ర తెర మీద ఉండేది కొద్ది నిమిషాలే. నెఫర్‌టీటీ శిరస్సును తలపించే ఆ జుట్టు, దానిలో మెరుపులా పారే తెల్లని పాయ మాత్రం లెక్కలేనన్ని చిత్రాలకు వస్తువైంది. 1941లో లాన్ చేనీ జూనియర్ వేసిన తోడేలు మనిషికి పియర్స్ జడలబర్రె వెంట్రుకలు కొద్దికొద్దిగా అతికించాడు. 1954లో వచ్చిన క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్‌లోని జలచర రూపాన్ని మిలిసెంట్ పాట్రిక్ అనే చిత్రకారిణి రూపొందించింది. ఆ ఘనత చాలా కాలం మేకప్ విభాగాధిపతి బడ్ వెస్ట్‌మోర్ ఖాతాలోనే ఉండిపోయింది. ఈ మధ్య ఏళ్లలోనే ఆమె పేరు మళ్లీ వినిపిస్తోంది. ఆ జలచరాన్ని గీసే ప్రతివారూ ఆమె గీసిన గీతలనే మళ్లీ గీస్తున్నారు కనుక బొమ్మ కింద ఆమె పేరు కూడా రాయడం న్యాయం.

పత్రిక అట్ట మీదికి

ఈ పాత్రలను మొదట బొమ్మలుగా వేసింది యూనివర్సల్ ప్రచార విభాగమే. కారొలీ గ్రోజ్ పర్యవేక్షణలో వచ్చిన 1930ల పోస్టర్లు రాతిముద్రణలో అచ్చయ్యాయి. ప్రదర్శన అయిపోగానే పారేసే కాగితాలుగా వాటిని చూశారు కాబట్టి మిగిలినవి బహు తక్కువ. ద మమ్మీ పోస్టరు ఒకటి 1997 వేలంలో 4,53,500 డాలర్లకు అమ్ముడైంది.

అసలు మలుపు టెలివిజన్‌తో వచ్చింది. 1957 అక్టోబరులో స్క్రీన్ జెమ్స్ సంస్థ యూనివర్సల్ పాత చిత్రాలు 52 ఒక కట్టగా చేసి అమెరికా టీవీ కేంద్రాలకు ఇచ్చింది. తల్లిదండ్రుల కాలంలో థియేటర్లలో ఆడిన సినిమాలు పిల్లలకు అర్ధరాత్రి ఇంట్లో దొరికాయి. మరుసటి ఏడు జేమ్స్ వారెన్ ప్రచురణలో, ఫారెస్ట్ జె. ఆకర్‌మన్ సంపాదకత్వంలో ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్ పత్రిక మొదలైంది. అప్పటికే చేనీ, లుగోసీ లేరు. కార్లాఫ్ 1969లో పోయాడు. ఆ పత్రిక పుటల్లో భయానక చిత్రాభిమానం, దివంగత నటుల స్మరణ ఒకటైపోయాయి.

ఆ పత్రిక అట్టలకు బొమ్మలు వేసిన బేసిల్ గోగోస్‌ను ఈ శాఖకు అసలైన గురువుగా చెప్పుకోవాలి. 1929లో ఈజిప్టులో గ్రీకు కుటుంబంలో పుట్టి, పదహారేళ్ల వయసులో అమెరికా వచ్చిన ఆయన న్యూయార్క్‌లో ఫ్రాంక్ రైలీ దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నాడు. 1960లో నటుడు విన్సెంట్ ప్రైస్ ముఖంతో ఆ పత్రికకు తొలి అట్ట వేశాడు. గోగోస్ చేతికి అందేవి నలుపు తెలుపు స్టిల్స్ మాత్రమే. ఆయన వాటికి సహజమైన చర్మపు రంగు పులమలేదు. ముఖానికి ఒక పక్క నుంచి ఎర్రని దీపం, మరో పక్క నుంచి పచ్చని దీపం, కింది నుంచి పసుపు దీపం పడుతున్నట్టు ఊహించుకుని, ఒక్కో ముడతకూ ఏ దీపం అందుతుందో లెక్క కట్టి రంగు వేశాడు. రంగులు ఎంత విపరీతంగా ఉన్నా ముఖం చెదరకపోవడానికి కారణం అడుగున ఉన్న వెలుగునీడల లెక్క తప్పకపోవడమే. గోగోస్‌ను అనుకరించినవాళ్లలో చాలామంది రంగులు తీసుకుని ఈ లెక్కను వదిలేశారు. ఆయన బొమ్మల్లో ఆ ప్రాణుల పట్ల జాలి ఉంది, గౌరవం ఉంది. అవి కూడా అనుకరణకు లొంగలేదు. గోగోస్ 2017లో మరణించాడు. ఆయన ఆ అట్టలు వేస్తున్న కాలంలోనే అరోరా సంస్థ ప్లాస్టిక్ బొమ్మల పెట్టెల మీద జేమ్స్ బామా వేసిన చిత్రాలు ఈ ముఖాలను పిల్లల గదుల్లోకి తీసుకెళ్లాయి.

గీసే పద్ధతి

చిత్రకారుడు మొదట తేల్చుకోవాల్సింది ఫొటో ఏ కాలానిదన్నది. 1920ల మధ్య దాకా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు రంగు కనిపించేది కాదు. ఎర్రని పెదవులు దాదాపు నల్లగా, నీలి కళ్లు పాలిపోయి పడేవి. ఆ దశాబ్దం చివర్లో అన్ని రంగులనూ పట్టుకునే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము వాడుకలోకి వచ్చింది. మూగ సినిమా తార ఫొటోలో కనిపించే నల్లని పెదవులను అలాగే గీస్తే అది ఫిల్ము చూసిన ముఖం. కొంత తేల్చి గీస్తే మనుషులు చూసిన ముఖం. రెండూ సరైనవే గాని ఏది గీస్తున్నామో తెలిసి గీయాలి.

రెండోది రీటచింగ్. జార్జ్ హరెల్ వంటి హాలీవుడ్ ఛాయాగ్రాహకుల కాలంలో నెగెటివు మీదే పెన్సిలుతో దిద్ది ముడతలు, మచ్చలు మాయం చేసేవారు. అలాంటి ఫొటో నుంచి గీసిన బొమ్మ మైనపు బొమ్మలా వస్తుంది. అందుకే అనుభవం ఉన్నవారు ఒక్క ఫొటోతో సరిపెట్టుకోరు. అదే నటుడి సినిమాలు చూసి, వేర్వేరు కోణాల్లో ముక్కు, దవడ, చెవి ఎలా ఉన్నాయో పరిశీలించి, ప్రచార ఫొటో దాచినవాటిని తిరిగి తెచ్చుకుంటారు.

కొలతల విషయంలో రాక్షస పాత్రలు మామూలు సూత్రాలను తలకిందులు చేస్తాయి. పెద్దవాళ్ల ముఖంలో నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యన కళ్లు ఉంటాయని చిత్రలేఖనంలో తొలి పాఠం. కార్లాఫ్ తల మీద పియర్స్ కట్టిన ఎత్తు వల్ల కళ్లు ఆ మధ్య గీతకు కిందికి దిగుతాయి. అలవాటు చొప్పున కళ్లను మధ్యలో పెడితే నుదురు కుదించుకుపోయి ఆ భారీతనమంతా పోతుంది. చేనీ ఎరిక్‌లో ముఖం ఎదురుగా ఉన్నా ముక్కురంధ్రాలు కింది నుంచి చూస్తున్నట్టు తెరుచుకుని ఉంటాయి. ఎదుటి నుంచి కనిపించే మామూలు ముక్కు వేస్తే అది చేనీ కాదు. లుగోసీలో అలాంటి ఆసరా ఏదీ లేదు. పోలిక అంతా కనుబొమల ఒంపులో, పైరెప్ప మడతలో, పెదవుల చివర్లలో ఉంది. అందుకే ముగ్గురిలోనూ గీయడానికి కష్టమైన ముఖం, మేకప్ అతి తక్కువగా ఉన్న లుగోసీదే.

ఫొటోను కాగితం మీదికి తేవడానికి పాతకాలం నుంచి ఉన్నది గళ్ల పద్ధతి. ఫొటో మీద, కాగితం మీద ఒకే నిష్పత్తిలో గళ్లు కొట్టుకుని ఒక్కో గడిలో ఉన్నది దాని జతగడిలో గీస్తారు. కొలతలు దీనితో కుదురుతాయి. అయితే గడి వెంట గడి నింపుకుంటూ పోయేవాడికి పుర్రె ఆకారం మనసులో నిలవదు. గళ్లతో ముఖ్యమైన బిందువులు మాత్రం గుర్తుపెట్టుకుని, గళ్లు చెరిపేసి, మిగతాది కంటి లెక్కతో గీయడం మేలు.

ఆ కాలపు భయానక చిత్రాల్లో వెలుతురు ఒక పక్క నుంచో కింది నుంచో పడుతుంది. సగం ముఖం నీడలో కలిసిపోతుంది. కలిసిపోయినచోట గీత గీయకుండా వదిలేయడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. నల్లని నేపథ్యానికి బొగ్గు గాని కార్బన్ పెన్సిలు గాని మంచిది. మామూలు పెన్సిలు గ్రాఫైట్ ఎంత ముదురుదైనా ఒత్తి రుద్దితే మెరుస్తుంది, నలుపు బూడిదగా కనిపిస్తుంది. తెలుపును కాగితానికే వదిలేస్తారు. నల్లని పూత పూసిన అట్టను సూదిమొనతో గీకి తెలుపు తీసే స్క్రాచ్‌బోర్డు పద్ధతి ఈ వస్తువుకు ఎంతో నప్పుతుంది. అక్కడ చేయి వేసేది నీడను కాదు, వెలుగును. కంటిపాపలోని వెలుగు చుక్కను ఆఖర్లో పెడతారు. చనిపోయిన మనిషి బొమ్మలో ఆ చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా చూపు ఎటో పోతుంది, దగ్గరివాళ్లు మొదట పట్టేసే తప్పు అదే.

మరణానంతరం వచ్చిన ప్రసిద్ధ చిత్రాలు

మార్లిన్ మన్రో 1962 ఆగస్టులో మరణించిన కొద్ది వారాల్లోనే ఆండీ వార్‌హోల్ ఆమె మీద పని మొదలుపెట్టాడు. నయాగరా చిత్ర ప్రచారానికి తీసిన ఒక ఫొటోను సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో యాభైసార్లు ముద్రించాడు. ఎడమ పలక మీద 25 ముఖాలు గాఢమైన రంగుల్లో, కుడి పలక మీద 25 ముఖాలు నలుపు తెలుపులో మసకబారుతూ, చెరిగిపోతూ కనిపిస్తాయి. మరుసటి ఏడు డ్రాక్యులాలో లుగోసీ కథానాయిక మెడ మీదికి వంగే దృశ్యాన్ని కూడా ఆయన ముద్రించాడు.

అమెరికా తపాలా శాఖ బతికున్నవారి గౌరవార్థం స్టాంపు వేయదు. అందువల్ల స్టాంపుతో గౌరవం పొందిన నటులంతా దివంగతులే. ఎల్విస్ ప్రెస్లీ స్టాంపుకు యువకుడి ముఖం కావాలా, వయసు మీరిన ముఖం కావాలా అని 1992లో ప్రజల ఓట్లు అడిగారు. మార్క్ స్టట్జ్‌మన్ వేసిన యువ ఎల్విస్ గెలిచాడు. 1993 జనవరిలో వచ్చిన ఆ స్టాంపు 50 కోట్లకు పైగా ముద్రణ పొందింది. మరణించిన కళాకారుడిని ఏ వయసులో గుర్తుపెట్టుకోవాలన్న ప్రశ్నను ఇంతమంది ముందు ఇంకెవరూ పెట్టలేదు. 1997 సెప్టెంబరు 30న భయానక పాత్రల వంతు వచ్చింది. చేనీ, లుగోసీ, కార్లాఫ్ వారసులు కొన్నేళ్లు పట్టుబట్టిన ఫలితం అది. థామస్ బ్లాక్‌షియర్ ఐదు చిత్రాలు వేశాడు: ఫాంటమ్‌గా చేనీ, డ్రాక్యులాగా లుగోసీ, ఫ్రాంకెన్‌స్టైన్ ప్రాణిగా, మమ్మీగా కార్లాఫ్, తోడేలు మనిషిగా చేనీ జూనియర్.

కొద్ది గీతలతో ముఖం పట్టే మార్గం కూడా ఉంది. న్యూయార్క్ చిత్రకారుడు ఆల్ హిర్ష్‌ఫెల్డ్ 1991లో పాత హాస్యనటులకు, 1994లో మూగ చిత్ర తారలకు స్టాంపు బొమ్మలు వేశాడు. రెండో వరసలో లాన్ చేనీ ఉన్నాడు. నీడలు లేవు, ఉన్నది ఒంపు తిరిగిన నల్ల గీత ఒక్కటే. డ్రూ ఫ్రీడ్‌మన్ దారి దీనికి పూర్తిగా ఎదురు. 2006లో వచ్చిన ఓల్డ్ జ్యూయిష్ కమెడియన్స్ పుస్తకంలో ఆయన మరుగునపడిన హాస్యనటుల వృద్ధాప్యాన్ని ప్రతి ముడతతో, ప్రతి మచ్చతో గీశాడు. ప్రచార ఫొటోలు చెరిపేసిన బతుకును తిరిగి ముఖం మీద పెట్టిన పని అది, స్మారక చిత్రణలో అంతకంటే నిజాయితీ కష్టం.

తెలుగునాట

తెలుగు ప్రాంతాల్లో భయానక పాత్రల చిత్రణ విడి శాఖగా ఎదగలేదు. పాతాళభైరవి (1951)లో ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడి ముఖం ఒక్కటి ఆ స్థాయిలో నిలిచింది. ఆయన 1974లో మరణించాక కూడా ఆ గెడ్డం, ఆ చూపు తెలుగు చిత్రకారుల చేతులను వదల్లేదు. దివంగత నటుల చిత్రణ మాత్రం ఇక్కడ బలంగా ఉంది. థియేటర్ల ముందు నిలిచే బ్యానర్లు వేసిన కళాకారులు గళ్లు కొట్టి చిన్న స్టిల్‌ను నిలువెత్తు ముఖంగా పెంచడంలో ఆరితేరినవారు. ఫ్లెక్సీ ముద్రణ వచ్చాక ఆ చేతులకు పని పోయింది. తపాలా బిళ్లల మీద ఎన్.టి. రామారావు 2000లో, ఘంటసాల 2003లో, సావిత్రి 2011లో కనిపించారు. 2023 ఆగస్టులో రామారావు ముఖంతో 100 రూపాయల స్మారక నాణెం విడుదలైంది.

ఎవరి ముఖం, ఎవరి హక్కు

దివంగత నటుడి బొమ్మ గీసి ఇంట్లో పెట్టుకుంటే ఎవరూ అడగరు. అమ్మితే ప్రశ్నలు వస్తాయి, అవి మూడు రకాలు: నటుడి రూపం మీద వారసుల హక్కు, పాత్ర రూపం మీద సినిమా సంస్థ హక్కు, ఆధారంగా తీసుకున్న ఫొటో మీద ఛాయాగ్రాహకుడి హక్కు.

మొదటిదానికి మూలం లుగోసీ కుటుంబం వేసిన దావా. డ్రాక్యులా రూపంలో లుగోసీ ముఖాన్ని యూనివర్సల్ రకరకాల వస్తువుల మీద ముద్రించుకోవడానికి అనుమతులు అమ్ముకుంటోందని ఆయన భార్య, కొడుకు కోర్టుకు వెళ్లారు. నటుడు బతికుండగా ఆ హక్కును వాడుకోలేదు కాబట్టి అది వారసులకు రాదని కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1979లో తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్ల వచ్చిన అసంతృప్తి వల్ల కాలిఫోర్నియా చట్టసభ కొత్త చట్టం చేసింది. 1985 నుంచి మరణం తరవాత 50 ఏళ్ల పాటు, ఆపై సవరణతో 70 ఏళ్ల పాటు వారసులకు హక్కు వచ్చింది.

చిత్రకారులకు సూటిగా తగిలిన తీర్పు 2001లో వచ్చింది. గ్యారీ సాడరప్ అనే చిత్రకారుడు త్రీ స్టూజెస్ హాస్యనటుల ముఖాలను బొగ్గుతో గీసి, ఆ బొమ్మను టీషర్టుల మీద, ముద్రణలుగా అమ్మాడు. ముగ్గురూ అప్పటికి చనిపోయి ఏళ్లయింది. హక్కుదారు సంస్థ దావా వేసింది. బొమ్మలో నైపుణ్యం ఉందని కోర్టు ఒప్పుకుంది. కాని పోలికను దించడమే దాని పని, చిత్రకారుడు తనదంటూ కొత్తగా చేర్చింది కనిపించడం లేదని తీర్పు చెప్పింది. లాభం కింద 75,000 డాలర్లు, లాయరు ఖర్చుల కింద 1,50,000 డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. అదే తీర్పులో వార్‌హోల్ చిత్రాలను భిన్నమైన పనికి ఉదాహరణగా చూపించారు. పోలిక ఎంత బాగా కుదిరితే చట్టం ముందు చిత్రకారుడు అంత బలహీనుడయ్యే ఈ కొలమానం శ్రద్ధగా గీసేవాళ్లకు అన్యాయం చేస్తుంది. చూసి గీసిన చేతిలోని ఎంపికలు కూడా సృజనే.

2023లో వార్‌హోల్‌కే ఎదురుదెబ్బ తగిలింది. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఛాయాగ్రాహకురాలు 1981లో తీసిన ఫొటో ఆధారంగా ఆయన గాయకుడు ప్రిన్స్ చిత్రాలు వేశాడు. 2016లో ప్రిన్స్ మరణించాక వాటిలో ఒకదాన్ని పత్రిక అట్ట మీద వేయడానికి వార్‌హోల్ ఫౌండేషన్ 10,000 డాలర్లు తీసుకుంది. ఛాయాగ్రాహకురాలికి ఏమీ ఇవ్వలేదు. ఆ వాడకం న్యాయమైనది కాదని అమెరికా సుప్రీం కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల మద్దతుతో, ఇద్దరి వ్యతిరేకతతో తేల్చింది. అమ్మకానికి గీసేవాళ్లు ఒకే ఫొటో మీద ఆధారపడకూడదనడానికి కళాపరమైన కారణానికి తోడు చట్టపరమైన కారణం కూడా ఇప్పుడు ఉంది.

పాత్రల విషయంలో నవల వేరు, సినిమా రూపం వేరు. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ఫ్రాంకెన్‌స్టైన్, బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన డ్రాక్యులా నవలల మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. చదును తల, మెడ ధ్రువాలతో పియర్స్ కట్టిన రూపం మాత్రం యూనివర్సల్‌ది. 1957లో ఇంగ్లండ్‌లో హామర్ సంస్థ ఫ్రాంకెన్‌స్టైన్ కథనే తీసినప్పుడు క్రిస్టఫర్ లీ ముఖానికి ఆ పోలిక రాకుండా జాగ్రత్తపడాల్సి వచ్చింది. అమెరికాలో ఆ కాలపు చిత్రాలకు కాపీహక్కు 95 ఏళ్లు. 1925 నాటి చేనీ ఫాంటమ్ ఇప్పటికే ప్రజల సొత్తు. లుగోసీ రూపం మీద కాలిఫోర్నియా చట్టమిచ్చిన 70 ఏళ్ల గడువు 2026 ఆగస్టుతో నిండుతుంది. 1931 నాటి డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రాల కాపీహక్కు గడువు 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది.